ఆకుపచ్చ స్టిక్కర్

సీసా మూత తీసి, లోపలున్న ఎర్రటి మందంతా సింకులో పోసేసింది కోడలు.

"నీకేమైనా మతి పోయిందా?" అత్తగారు వంటింటి గుమ్మంలోనే ఆగిపోయింది. చేతిలో మందు చెంచా అలాగే ఉంది.

"పోలేదత్తయ్యా. ఉంది కాబట్టే పారబోస్తున్నాను."

"నిండు సీసా అమ్మాయ్! నిన్న సాయంత్రమే తెప్పించాను."

"పాపకి ఎన్ని చెంచాలు పట్టారు?"

"ఒక్కటంటే ఒక్కటి. అదీ సగం ఉమ్మేసింది. అన్నీ నీ పోలికలే."

కోడలు కుళాయి తిప్పి సింకు కడిగింది. తర్వాత ఖాళీ సీసాని కిటికీ వెలుతురుకి పట్టి, పైన అంటించిన కాగితం చదివింది. 'పిల్లలలో రోగనిరోధక శక్తిని రెట్టింపు చేయును' అని బొటనవేలంత అక్షరాల్లో ఉంది. లోపల ఏమేం కలిపారో మాత్రం చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది. ఏది పెద్దగా రాయాలో, ఏది చిన్నగా రాయాలో ఇలాంటి సీసాలు అమ్మేవాళ్ళకి ఒకరు నేర్పక్కర్లేదు.

"శక్తి పెరిగితే నీకేం బాధ?" అంది అత్తగారు. "పిల్ల కామెర్లతో పచ్చగా అయిపోయి మంచానికి అతుక్కుపోయింది. పొద్దున లేస్తే ఇల్లు ఎగరగొట్టే పిల్ల, నోరు తెరవడానికి కూడా ఓపిక లేక పడుంది. శక్తి లేకనే కదా ఇదంతా?"

"శక్తి ఎక్కువై."

"ఏంటీ?"

కోడలు స్టూలు లాక్కుని కూర్చుంది. ల్యాబుకి టైమవుతోంది, అయినా కూర్చుంది. ఈ మాట ఇవాళ తేల్చకపోతే రేపు ఇంకో సీసా వస్తుందని ఆమెకి తెలుసు.

"మనింట్లో ఓ దొంగ దూరాడనుకోండి అత్తయ్యా. వాడు గోడలు పగలగొట్టడు. ఓ మూల నక్కి, తనలాంటి వాళ్ళని ఇంకో నలుగుర్ని పోగేసుకుంటాడు. వాళ్ళని పట్టుకోవడానికి పోలీసులొస్తారు చూడండి, వాళ్ళు తలుపులు విరగ్గొడతారు, బీరువాలు తోసేస్తారు. పాప లివర్లో ఇప్పుడు జరుగుతున్నది అదే. వైరస్ దాక్కున్న కణాల్ని పాప సొంత పోలీసులే వెతికి వెతికి చంపుతున్నారు. ఆ పచ్చదనం చాలావరకు వాళ్ళ చేతి చలవే. మీరేమో పైనుంచి ఇంకో బెటాలియన్‌ని పంపిస్తానంటున్నారు."

"అయితే పోలీసులు రాకూడదంటావా?"

"రావాలి. వచ్చారు. దొంగల్ని పట్టుకుంటున్నారు కూడా. పిల్లల ఒంట్లో పోలీసులు కాస్త మర్యాదస్తులు. పని ముగించుకుని వెళ్ళిపోతారు. పెద్దవాళ్ళ ఒంట్లో అయితే వాళ్ళు వట్టి మొరటువాళ్ళు, ఇల్లు పీకి పందిరేస్తారు. అందుకే చెబుతున్నా, పాపకి ఏ మందూ వద్దు. విశ్రాంతి, నీళ్ళు, తినగలిగినంత తిండి. ఈ మందు నిజంగా పనిచేస్తే పోట్లాట పెరుగుతుంది. చేయకపోతే ఇందులో ఉన్న ఆకూ అలమూ అంతా మళ్ళీ ఆ లివరే అరిగించుకోవాలి."

కోడలు పనిచేసేది పిల్లల ఆస్పత్రి ల్యాబులో. కామెర్లొచ్చిన పిల్లల రక్తంలో ఈ పోలీసు కణాలు ఎన్ని లేచాయి, ఎన్ని పడుకున్నాయి, ఏ పిల్లకి ఎందుకు తేలిగ్గా తగ్గుతుంది, ఏ పిల్లకి ఎందుకు ప్రాణం మీదికి తెస్తుంది అని చూడటమే ఆమె పని. ఇన్నేళ్ళుగా అదే చూస్తోంది. కాబట్టి ఆమె గొంతులో తడబాటు లేదు.

అత్తగారు చెంచాని గట్టు మీద పెట్టింది. పెట్టిన తీరులోనే తెలుస్తోంది, ఆవిడ అసలు అస్త్రం ఇంకా తీయలేదని.

"దొంగ సంగతి బాగానే చెప్పావు. ఆ దొంగని ఇంటికి తీసుకొచ్చిందెవరు మరి?"

కోడలు స్టూలు మీంచి లేచింది. అత్తగారు ఆగలేదు.

"రోజూ కామెర్ల పిల్లల రక్తంలో చేతులు పెట్టి వస్తావు. ఆ చేతుల్తోనే పిల్లని ఎత్తుకుంటావు. నేనేమైనా అన్నానా ఇన్నాళ్ళూ?"

"చేతులకి గ్లవ్స్ ఉంటాయత్తయ్యా."

"ఉంటాయి. నా దగ్గర గొడుగూ ఉంది. అయినా తడుస్తాను."

హాల్లో బూట్ల లేసులు కట్టుకుంటున్న మొగుడుగారు ఒకే లేసుని విప్పి మళ్ళీ కట్టాడు. ఆయన లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. అమ్మకీ భార్యకీ మధ్య ఏ అంతస్తులో ఆగాలో తెలియక, పెళ్ళయిన నాటి నుంచీ గోడ మీద పిల్లి వాటంగానే బతుకుతున్నాడు.

"మీరేమీ మాట్లాడరా?" అంది కోడలు.

"లిఫ్టులో ఎవరో ఇరుక్కున్నారట, ఫోనొచ్చింది," అన్నాడాయన.

"ఇక్కడ నేనూ ఇరుక్కునే ఉన్నాను."

ఆయన తల దించుకున్నాడు. కోడలు అత్తగారి వైపు తిరిగింది.

"సరే, నేనే తెచ్చాననుకోండి. కామెర్లని తేలిన రోజు డాక్టరు ఇంట్లో అందరికీ టీకా వేస్తానంటే మీ అబ్బాయి వేయించుకున్నారు. నేను ఉద్యోగంలో చేరినప్పుడే వేయించుకున్నాను. చెయ్యి వెనక్కి లాక్కున్నదెవరు?"

"ఈ వయసులో నాకెందుకు సూదులు? చిన్నప్పుడు ఏ నీళ్ళు పడితే ఆ నీళ్ళు తాగి పెరిగాం. మాకేం కాదు."

"చూశారా! మీ మీదికొస్తే 'ఏం కాదు.' నా మీదికొస్తే నేను దొంగల రవాణా చేస్తున్నాను."

"నేనన్నానా ఆ మాట?"

"అనడానికి ఇంకేం మిగిలింది?"

లోపలి గదిలోంచి సన్నగా పిలుపు వినపడింది. ఇద్దరూ ఒకేసారి కదిలారు. గుమ్మం దగ్గర భుజాలు తగిలాయి. అత్తగారే పక్కకి జరిగింది.

*

ఇంట్లో అందరూ ఆ పిల్లని వసపిట్ట అంటారు. రెండో క్లాసు. బడి వ్యాను దిగిన దగ్గర్నుంచి నిద్రపోయేదాకా వాగుతూనే ఉండేది. ఇప్పుడు దుప్పటిలోంచి మొహం ఒక్కటే కనిపిస్తోంది. కళ్ళలో తెలుపు ఉండాల్సిన చోట పసుపు ఉంది.

"అమ్మా, నా పోలీసులు తలుపులు విరగ్గొట్టడం అయిపోయిందా?"

అంతా వినేసింది. గోడకి చెవులుంటే అవి ఈ పిల్లవే.

"అయిపోవచ్చింది. ఇవాళ చూసి చెప్తాను. చెయ్యి ఇటు పెట్టు."

"మళ్ళీనా?"

"మళ్ళీనే. పోలీసుల్ని అడగాలిగా, ఎంతమందిని పట్టుకున్నారో."

పిల్ల చెయ్యి చాపింది. ఆస్పత్రిలో సూది చూస్తే పిల్ల ఏడుపు ఆపడం ఎవరితరమూ కాదని, అమ్మ చేత ఇంట్లోనే తీయించడానికి ల్యాబులో పెద్ద డాక్టరమ్మ ఒప్పుకుంది. కోడలు సంచీలోంచి ట్యూబులు తీసింది. చేతికి రబ్బరు పట్టీ కట్టి నరం వెతికింది. ఒక్కసారే గుచ్చింది. ట్యూబులోకి రక్తం ఎక్కింది.  

నిన్నటి రిపోర్టు ఆమెకి కళ్ళ ముందే ఉంది. లివర్ పనిచేయడం మానేస్తుంటే మొదట తెలిసేది రక్తం గడ్డకట్టడానికి పట్టే టైములో. నిన్న ఆ టైము కాస్త పెరిగింది. ఎక్కువేం కాదు. కానీ ఇవాళ ఇంకాస్త పెరిగితే పిల్లని ఇంట్లో ఉంచే మాట లేదని, నేరుగా ఐసీయూలోకేనని డాక్టరమ్మ చెప్పేసింది. అత్తగారికి ఈ సంగతి చెప్పలేదు. మొగుడికి చెబితే ఆయన లేసులు కట్టుకోవడం కూడా మానేస్తాడని ఆయనకీ చెప్పలేదు.

"నానమ్మా, ఈ బిస్కెట్టు నువ్వు తినెయ్," అంది పిల్ల. ఒక మూల కొరికిన బిస్కెట్టు పళ్ళెంలో ఉంది. "నాకు వద్దు. మట్టిలా ఉంది."

వసపిట్ట వదిలేసింది తినడం నానమ్మ హక్కు. సగం కొరికిన పండైనా, పాలల్లో నాని మెత్తబడిన రొట్టె అయినా 'నా బంగారం ఎంగిలి' అని నోట్లో వేసుకునేది. పిల్లకి పళ్ళొచ్చినప్పటి నుంచీ ఆ ఇంట్లో అదే అలవాటు. కామెర్లని తెలిశాక కోడలు మానమంది. ఆవిడ మానానంది. మానిందో లేదో ఎవరు చూడొచ్చారు?

"తర్వాత తింటాలే," అంది అత్తగారు. పళ్ళెం పక్కకి జరిపింది.

*

ల్యాబులో గడ్డకట్టే పరీక్ష ముందు వచ్చింది.

టైము మామూలు స్థాయికి దిగిపోయింది. లివర్ ఎంజైములు నిన్నటికి సగం అయ్యాయి. కోడలు కాగితాన్ని రెండుసార్లు చదివింది. తర్వాత కుర్చీలో కూలబడి, ఎవరూ చూడట్లేదనుకుని, గట్టిగా ఓ ఈల వేసింది.

"ఎవరది? ఇది ల్యాబా, సినిమా హాలా?" పెద్ద డాక్టరమ్మ గాజు తలుపు తీసి తల బయట పెట్టింది.

"గెలిచింది మేడమ్. మా పిల్ల గెలిచింది."

డాక్టరమ్మ కాగితం చూసింది. ఆవిడ నవ్వడం చాలా అరుదు, ఇప్పుడు మాత్రం నవ్వింది. "దాని ఎత్తు చూసి ఎవరూ అనుకోరు, ఇంత పోట్లాడుతుందని. ఇక భయం లేదు. పసుపు పోవడానికి ఇంకొన్నాళ్ళు పడుతుంది. అంతే."

కోడలికి ఏడుపొచ్చింది. దాచుకోలేదు.

ఆ సంతోషంలోనే మిగతా రక్తాన్ని మెషీనావిడకి ఇచ్చింది. రక్తంలోని కణాల్ని ఒక్కొక్కటిగా లేజరు ముందు నడిపించి లెక్కపెట్టే యంత్రం ఒకటుంది ఆ ల్యాబులో. దాన్ని ఆవిడ తప్ప ఇంకెవరూ ముట్టుకోరు. ఆ యంత్రం కణాల్ని తెర మీద చుక్కల బొమ్మగా చూపిస్తుంది. నిద్రపోతున్న పోలీసులు కింద ఉంటారు. లేచి లాఠీ పట్టుకున్నవాళ్ళు పైన కుడి మూలకి ఎక్కుతారు.

"మూల ఖాళీ అవుతోంది," అంది మెషీనావిడ. "పోలీసులు స్టేషనుకి వెళ్ళిపోతున్నారు. కానీ ఈ బొమ్మ..."

"ఏమైంది?"

"ఈ పక్కన చిన్న తోకలా ఉంది చూడు. ఇలాంటిది నేనెక్కడో చూశాను."

"నువ్వు రోజుకెన్ని బొమ్మలు చూస్తావు!"

"మనుషుల పేర్లు మర్చిపోతానేమో కానీ బొమ్మ మర్చిపోను." ఆవిడ కీబోర్డు మీద టకటకా కొట్టింది. పనికిరావని పక్కన పెట్టినవాటిలో వెతికింది. తెర మీద ఇంకో బొమ్మ తెరుచుకుంది. మూల నిండా చుక్కలు కిక్కిరిసి ఉన్నాయి. పక్కన అదే తోక ఉంది.

"ఇది ఎవరిది?" అంది కోడలు. అడుగుతుండగానే గుర్తొచ్చింది.

జబ్బు పిల్లల రక్తంతో పోల్చి చూడాలంటే జబ్బు లేని పిల్లల రక్తం కూడా కావాలి. ఆరోగ్యంగా ఉన్న పిల్లకి సూది గుచ్చనివ్వమంటే ఏ తల్లి ఒప్పుకుంటుంది? అందుకని ఆ ల్యాబులో ఒక పద్ధతి పడిపోయింది. పనిచేసేవాళ్ళే తమ పిల్లల్ని తీసుకొస్తారు. ఆ ట్యూబుల మీద ఆకుపచ్చ స్టిక్కర్ అంటిస్తారు. ఆకుపచ్చ అంటే ఏ జబ్బూ లేదని అర్థం. కామెర్లు బయటపడటానికి కొద్దిరోజుల ముందు కోడలు వసపిట్టని తీసుకొచ్చి, తన చేత్తోనే ఆ స్టిక్కర్ అంటించింది. పిల్ల ఆ రోజు డాక్టరమ్మ గదిలో కుర్చీ గిరగిరా తిప్పి వెళ్ళింది. ఒంట్లో నలత ఛాయలు కూడా లేవు.

"ఆ రోజు నేను మళ్ళీ రక్తం తీద్దామా అన్నాను," అంది మెషీనావిడ మెల్లగా. "నువ్వు..."

"నేను వద్దన్నాను. రోగి ట్యూబుతో మారిపోయి ఉంటుంది, తీసి పారెయ్ అన్నాను."

"ఇప్పటికీ మారిపోయే ఉండొచ్చుగా?"

"ఫ్రీజర్లో మిగిలిన రక్తం ఉందా?"

ఉంది. ఆ ల్యాబులో ఏదీ పారేయరు, నమ్మకాన్ని తప్ప. గ్రూపు చూశారు. ఏబీ. వసపిట్టది ఏబీ. ఆ రోజు రక్తం ఇచ్చిన రోగుల్లో ఆ గ్రూపు వాళ్ళు ఎవరూ లేరు. కామెర్ల వైరస్ పరీక్ష కూడా చేశారు. ఉంది.

పెద్ద డాక్టరమ్మ వచ్చి రెండు బొమ్మల్నీ పక్కపక్కన పెట్టించి చూసింది.

"మనం స్టిక్కర్‌ని నమ్మాం, రక్తాన్ని నమ్మలేదు," అంది చివరికి. "పిల్ల ఒళ్ళు ముందే చెప్పింది. ఏడుపు లేదు, జ్వరం లేదు. పోలీసులు మాత్రం అప్పటికే లేచారు. ఇది పెద్ద సంగతే అమ్మాయ్. కామెర్లు కనబడకముందే ఈ పోట్లాట ఎంత దూరం వెళ్తుందో ఇంతవరకూ మనం ఒక్క పిల్లలో కూడా చూడలేదు."

కోడలికి ఆ మాటలేవీ చెవికెక్కలేదు. ఆమె ఇంకో లెక్క వేసుకుంటోంది. ఈ జబ్బు పసుపు కనబడ్డాక కాదు, కనబడకముందే ఎక్కువగా అంటుతుంది. అంటిన కొత్తల్లో టీకా పడితేనే ఆగుతుంది. డాక్టరు టీకా అన్న రోజుకి ఆ అదను దాటిపోయింది. అత్తగారు ఆ రోజు చెయ్యి చాపినా ఉపయోగం ఉండేదో లేదో. కానీ ఈ బొమ్మ వచ్చిన రోజున నమ్మి ఉంటే ఇంటిల్లిపాదికీ వేళకి టీకా పడేది.

పొద్దున వంటింట్లో 'చెయ్యి వెనక్కి లాక్కున్నదెవరు' అని దులిపేసింది తనే. ఆ మాట ఇప్పుడు తిరిగొచ్చి ఆమె ఒళ్ళోనే కూర్చుంది.

*

సాయంత్రం ఇంటికొచ్చేసరికి మొగుడుగారు గుమ్మం దగ్గరే ఎదురొచ్చాడు. పొద్దున దించుకున్న తల ఇప్పుడు బాగా లేచింది.

"టీచరు ఫోన్ చేసింది. క్లాసులో ఇంకో నలుగురికి కామెర్లట. మంచినీళ్ళ ట్యాంకు చూస్తున్నారట. విన్నావా అమ్మా? బడి నుంచి వచ్చింది. ల్యాబు నుంచి కాదు. పొద్దున నువ్వు దీన్నెంత మాటన్నావు!"

ఏళ్ళ తర్వాత ఆయన గోడ దిగి ఒక వైపుకి దూకాడు. ఇంకోరోజైతే కోడలు పండగ చేసుకునేది.

అత్తగారు కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుంది. ముందున్న స్టూలు మీద కాఫీ గ్లాసు ఉంది.

"సర్లేరా," అంది. "బడి నుంచే వచ్చుంటుంది."

అంతే. మారుమాట లేదు. 'గొడుగున్నా తడుస్తాను' అన్న మనిషి ఇంత తేలిగ్గా ఒప్పేసుకుంది.

"పాపకి ఎలా ఉందట?" అని అడిగిందావిడ.

"తగ్గిపోయిందత్తయ్యా. రక్తం మామూలుగా గడ్డకడుతోంది. లివరు కోలుకుంటోంది. ఇక ప్రమాదం లేదు."

అత్తగారు కళ్ళు మూసుకుంది.  మొగుడుగారు భార్య రెండు చేతులూ పట్టుకుని ఊపేశాడు.

"ఇంకో సంగతుంది," అంది కోడలు. "కూర్చోండి. ఇద్దరికీ చెప్పాలి."

చెప్పింది. స్టిక్కర్ సంగతి, చుక్కల బొమ్మ సంగతి, 'పారెయ్' అన్న మాట, టీకా లెక్క. ఏదీ దాచలేదు. పొట్టిగా, సూటిగా చెప్పింది.

మొగుడుగారు ఆమె చేతులు వదిలేశాడు.

"అంటే జబ్బు పైకి కనపడకముందే నీ చేతిలో కాగితం ఉంది."

"ఉంది."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్పడానికేముంది? తప్పు వచ్చిందనుకున్నాను."

"తప్పు వచ్చిందనుకున్నావు. పిల్లకి వచ్చిందనుకోలేదు."

ఆయన గొంతు పెంచలేదు. అందుకే ఆ మాట గట్టిగా తగిలింది. ఇంతకాలం గోడ మీద కూర్చున్న మనిషి రెండు వైపులూ బాగానే చూశాడన్నమాట.

"ఊళ్ళో పిల్లల రక్తమంతా నీకు మాట్లాడుతుంది. మన పిల్లది మాట్లాడితే..."

"ఒరేయ్, ఆపరా." అత్తగారు కళ్ళు తెరవకుండానే అంది. "తల్లి కదా. తన పిల్లకి జబ్బని ఏ తల్లి మనసు ముందు ఒప్పుకుంటుంది? నేను నీకు జ్వరమొస్తే ఎండకి ఒళ్ళు కాలుతోందనుకునేదాన్ని. వదిలెయ్."

కోడలు తలెత్తి అత్తగారిని చూసింది. ఈ ఇంట్లో అడుగుపెట్టాక ఆవిడ తన పక్షాన మాట్లాడటం ఇదే మొదలు. కళ్ళు చెమర్చాయి. దగ్గరికెళ్ళి స్టూలు మీద కాఫీ గ్లాసు తీసింది, వేడి చేసి ఇద్దామని.

గ్లాసు నిండుగా ఉంది. పైన మీగడ కట్టింది.

"తాగలేదేం అత్తయ్యా?"

"వెగటుగా ఉంది. పాలు బాగాలేవేమో."

"పొద్దున కూడా తాగలేదు," అని లోపల్నుంచి గొంతొచ్చింది. వసపిట్ట దుప్పటి కప్పుకుని గుమ్మంలో నిలబడి ఉంది. ఇన్ని రోజుల్లో మొదటిసారి మంచం దిగింది. గొంతులో పాత చురుకు కాస్త తిరిగొచ్చింది. "నా బిస్కెట్టు కూడా తినలేదు. నిన్నటిదీ తినలేదు. నానమ్మ నా ఎంగిలి తినకపోతే నేను ఊరుకుంటానా? అడిగాను. మట్టిలా ఉందే అంది. నాకూ మొదట్లో అలాగే ఉండేది కదమ్మా?"

కోడలు గ్లాసు మళ్ళీ స్టూలు మీద పెట్టేసింది.

వీధి చివర పొద్దు వాలుతోంది. కిటికీలోంచి వెలుతురు తిన్నగా అత్తగారి మొహం మీద పడుతోంది. ఆ వెలుతురులో గోడ కూడా పసుపుగానే ఉంది. కోడలు వంగి, తన నీడ ఆవిడ మొహం మీద పడేలా నిలబడింది.

"అత్తయ్యా, ఒకసారి పైకి చూడండి."

"ఎందుకు?"

"చూడండి."

ఆవిడ చూసింది. కోడలు ఆ కళ్ళలోకి చూసింది. నీడలో కూడా పసుపు పోలేదు.

"ఎన్నాళ్ళైంది ఒంట్లో బాగోక?"

"నాలుగు రోజులవుతుందేమో. పిల్ల అలా ఉంటే నా గొడవెందుకని చెప్పలేదు." అత్తగారు గొంతు తగ్గించింది. "వాడికి చెప్పకు. మళ్ళీ నిన్నే అంటాడు."

వాడు పక్కనే నిలబడి ఉన్నాడు. అంతా విన్నాడు.

"ఏవండీ, బండి తాళాలు తీసుకోండి," అంది కోడలు. ఆమె గొంతు పొద్దున వంటింట్లో ఉన్నట్టే ఉంది. "ఆస్పత్రికి ఫోన్ చేసి పెద్ద డాక్టరమ్మని ఉండమనండి. నేను రక్తం ఇక్కడే తీస్తాను, మీరు ముందు అది తీసుకుని వెళ్ళండి. మేము వెనకే ఆటోలో వస్తాం. భయపడి నిలబడితే ఒక్క పనీ కాదు, కదలండి."

ఆయన కదిలాడు. లేసులు కట్టుకోలేదు.

కోడలు సంచీ తెరిచి, రబ్బరు పట్టీ తీసింది. అత్తగారు తనంత తానే చీర చెంగు వెనక్కి తోసి, చెయ్యి చాపింది. పలచటి చెయ్యి. నరాలు పైకి కనపడుతున్నాయి.

"గుచ్చు," అంది. "ఈసారి లాక్కోనులే."

"మీరు లాక్కున్నా వదలను."

వసపిట్ట దగ్గరికొచ్చి నానమ్మ మోకాలి మీద చెయ్యి వేసింది. పచ్చటి చిన్న చెయ్యి, పచ్చబడుతున్న పెద్ద చెయ్యి. పిల్ల కాసేపు రెండింటినీ మార్చి మార్చి చూసింది.

"అమ్మా, పొద్దున నువ్వు చెప్పావు కదా. నానమ్మ పోలీసులు మొరటువాళ్ళా?"

అత్తగారు కూడా కోడలి మొహంలోకే చూస్తోంది, అదే ప్రశ్న అడుగుతున్నట్టు.

కోడలు సంచీలో చెయ్యి పెట్టి ట్యూబు కోసం వెతికింది. ల్యాబు నుంచి హడావుడిగా సర్దుకొచ్చినవన్నీ ఒక రకమే. ముందుగానే స్టిక్కర్లు అంటించి పెట్టినవి, ఆకుపచ్చవి. ఒకటి తీసుకుంది. గోరుతో స్టిక్కర్ అంచు లేపి, మొత్తం ఊడేదాకా పీకి నేల మీద పడేసింది. అప్పుడు సూది చేతిలోకి తీసుకుంది.